గోస్తనికి ఎదురు నడక

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూసుకొచ్చి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది గోస్తని. సముద్రాన్నీ కొండల్నీ ఒకే నడకలో చూడాలనుకునేవాళ్లకు ఉత్తరాంధ్రలో ఇంతకన్నా మంచి తోడు లేదు. అయితే నదితో పాటు దిగకూడదు, ఎదురెక్కాలి. రైల్లో బొర్రా దాకా పోయి అక్కణ్ణుంచి దిగితే సులువు కదా అంటారు. మొదటిరోజే ఘాట్ దిగితే మోకాళ్లు పట్టేస్తాయి, ఆపైన పూటపూటకూ ఉక్క పెరుగుతుంది. కిందనుంచి మొదలుపెడితే ఇసుక మీదే కాళ్లు అలవాటుపడతాయి, ఎక్కాల్సిన రోజుకు చల్లగాలి ఎదురొస్తుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది నాకెప్పుడూ తేలని తగవు. కొండవాలుల మీద వలిసెపూలు చూడాలంటే నవంబరు, డిసెంబరుల్లోనే పోవాలి. అవి తుపాన్ల నెలలు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పటి గాలి తలుచుకుంటే, పూల కోసం ఆ తీరం వెంట నడవమని ఎవరికీ చెప్పలేను. సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు బయలుదేరడం మేలు.

మొదటి మజిలీ తొట్లకొండ. సముద్రానికి ఎదురుగా ఆ కొండ మీద ఉన్న బౌద్ధ భిక్షువులు వాననీటిని పట్టి ఉంచడానికి రాతిలోనే తొట్లు తొలుచుకున్నారు. ముందు నీళ్లు, తర్వాతే ఆరామం. నా దారి లెక్క కూడా అదే: కిలోమీటర్లను బట్టి మజిలీలు వేసుకోను, తాగునీరు ఎక్కడ దొరుకుతుందో చూసి వేసుకుంటాను. తీరం వెంట ఎంత దూరం చూసినా నీళ్లే, గుక్కెడు తాగడానికి ఉండవు. మంచినీళ్లు పల్లెకారుల ఊళ్లలోనే నింపుకోవాలి. నీరు తీసినప్పుడు తడి ఇసుక గట్టిగా ఉండి నడక సాఫీగా సాగుతుంది. పోటు మీదుంటే మంగమారిపేట రాళ్ల దగ్గర రోడ్డెక్కక తప్పదు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక నిన్నటి వేళ నేటికి పనికిరాదు. వల బాగుచేసుకుంటున్నవాళ్లను ముందురోజు సాయంత్రమే అడిగి ఉంచుకోవాలి. నౌకాదళం స్థలాలు వచ్చినచోట కూడా మారుమాట లేకుండా రోడ్డు పట్టాలి.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలకు ఒక పూటంతా కేటాయించండి. గాలి పోగుచేసిన ఇసుకను వాన కోసి వేసిన గెడ్డలవి. లోపలికి వెళ్లాక ఏ మలుపు చూసినా ఒకలాగే ఉంటుంది. ఎండ ఏ పక్కనుందో గమనించుకుంటూ నడవాలి. ఆ మట్టి మళ్లీ పేరేది కాదు, అంచులెక్కి తొక్కకండి.

భీమిలి నుంచి పద్మనాభం. 1794 జూలై 10న రెండో విజయరామ గజపతిరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన నేల అది. ఆ నేల మీద గబగబా నడిచిపోవడానికి నాకు మనసొప్పదు. ఆ తర్వాత తాటిపూడి దాకా పొలాలు, గట్లు, చెరువులు. పెద్దగా ఆలోచించాల్సింది లేదు.

అసలు లెక్క కాశీపట్నం దగ్గర మొదలవుతుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. మెట్రిక్ కొలతల్లో చెబితే గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. చల్లటి దేశంలో పుట్టిన లెక్క అది. వీపున మూటతో, మన ఎండలో, దానికి సగమైనా అదనంగా కలుపుకోవాలి. బొర్రా సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో సమోన్నత రేఖలు ఎక్కడ దగ్గరపడ్డాయో చూస్తే మన ఊపిరి ఎక్కడ బరువెక్కుతుందో ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. చీకటిపడేలోగా టైడ చేరడం ఒక రోజు పని, అక్కణ్ణుంచి బొర్రా ఇంకో రోజు పని. రెంటినీ కలపాలని చూడకండి. దగ్గరని కొత్తవలస–కిరండూల్ రైలుపట్టాల మీద అసలే నడవకండి. ఆ దారి నిండా సొరంగాలు, లోపల పక్కకు తప్పుకునే చోటుండదు.

మూటలో దోమతెర తప్పకుండా ఉండాలి, ఏజెన్సీలో మలేరియా ఉంది. చోడిపిండి, బెల్లం, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పాత చెప్పులు, గొడుగు. డేరా వద్దు. అడవిలో అనుమతి లేకుండా పడుకోవడం తప్పు, టైడలోనూ అనంతగిరిలోనూ పర్యాటక శాఖ బసలున్నాయి. ఫోను కొండల్లో చాలాచోట్ల పలకదు, అందుకే ఏ రాత్రి ఎక్కడుంటామో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లాలి.

ఇన్ని చేసినా పటం చెప్పలేనివి కొన్ని మిగులుతాయి. ఏ కాలిబాటను వాన కోసేసింది, ఏ ఊట ఎండిపోయింది, ఈ యేడు ఏ గెడ్డ దాటొచ్చు అన్నవి ఆ దారుల్లో రోజూ నడిచే కొండదొరలకు, వాల్మీకులకు, భగతలకు తెలుసు. వాళ్లంతా ఒకచోట కలిసేది వారపు సంతలో. పొద్దుటే కిందికి దిగినవాళ్లు మధ్యాహ్నం సరుకులెత్తుకుని అవే బాటల్లో పైకి వెళతారు. అడిగితే తమ వెంట రమ్మంటారు. కాబట్టి ఘాట్ ఎక్కే రోజు సంతరోజయ్యేలా చూసుకుంటాను. సంత ఏ వారమో ముందు కనుక్కుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టి తొట్లకొండ దగ్గర బయలుదేరే తేదీ వేసుకుంటాను.