లోపలికొకటి, వాకిట్లోకొకటి

నవంబర్ 9, 2024
అటక మీంచి పలకలు దింపాం. హుద్‌హుద్‌ తుఫానుకి పడిన సిల్వరోకు. 2014 అక్టోబర్ 12. మాన్లు విరుగుతున్న చప్పుడు నాన్న ఇప్పటికీ చెప్తాడు. మిరియాల తీగలు మానుతో పాటే నేల మీదికి. నీడ పోయి కాఫీ మొక్కలు మాడిపోయాయి. పడినవాటిలో ఒక మానుని మిల్లుకి తోలి, కోయించి, అటకెక్కించాడు. ఎందుకో తనకీ తెలీదట. పదేళ్ళు ఆరిన చెక్క. చిత్రిక పట్టగానే లేత గులాబీ రంగు తేలింది. దీంతో ప్యాకింగ్ పెట్టెలు చేస్తారు. కుర్చీ ఎందుకు చెయ్యకూడదు?

నవంబర్ 17
పలకలన్నీ ఒక్కలా లేవు. మాను నడుమ నుంచి అంచు వైపు, బండిచక్రం ఆకుల వరసలో తెగిన వాటి మీదే మెరిసే మచ్చలు. మిగతావి మామూలు చెక్క. మచ్చలున్నవి వీపు ఆనే చోటుకి. పక్కన తీసిపెట్టాను.
మేస్త్రి మావయ్య చేతులకి గుడ్డ చుట్టుకున్నాడు. ఈ పొట్టు కొందరి ఒంటికి పడదు, దద్దుర్లు లేస్తాయి. మాస్కులు తేవాలి. రేపే.

డిసెంబర్ 4
మొదటి కుర్చీ నిలబడింది. మేకు లేదు. అంతా కుసి, బెజ్జం.
మామ్మ కూచుంది. "బాగుందే తల్లీ. కాళ్ళే ఆనట్లేదు." కాసేపుండి దిగి, పీట లాక్కుంది.
18 అంగుళాలు. కాలేజీలో నేర్పిన ఎత్తు. ప్లాస్టిక్ కుర్చీదీ ఇంచుమించు అదే. ఎవరి కాళ్ళ కొలత అది? పొయ్యి దగ్గర, కాఫీ పళ్ళు ఏరే చోట, చలిమంట చుట్టూ, మా ఇంట్లో అందరూ నేలకి దగ్గరగానే కూచుంటారు.

డిసెంబర్ 11
12 అంగుళాలకి దింపాం. కూచోడం హాయి. లేవడమే కష్టం, మోకాళ్ళు పట్టేస్తాయి. కుర్చీకి చేతులు పెట్టాలి. అవి ముందుకు పొడుచుకు రావాలి, అరచేయి ఆనించి ఒళ్ళు లేపుకునేలా. మామ్మ లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ వేస్తుందో చూస్తూ కూచున్నాను. గుమ్మం మీద. గోడ మీద. నా భుజం మీద.

డిసెంబర్ 28
చీకటి పక్షం. వెదురు కొట్టించాం, మూడేళ్ళు దాటినవే. వెన్నెల రోజుల్లో కొడితే పుచ్చు పడుతుందంటాడు మావయ్య. చంద్రుడి సంగతి ఏమో. పురుగుకి కావలసింది మాత్రం వెదురులోని పిండి. కొత్త మొలకలు లేచే వానాకాలంలో కొట్టకూడదు, అది ఖాయం.
మా పొలం గట్టు మీదదే అయినా, 2017 దాకా చట్టం లెక్కలో వెదురు చెట్టే. ఒక గెడ కొట్టి తేవడానికి వాళ్ళ నాన్న ఎంత భయపడేవాడో మావయ్య చెప్పాడు. చెప్తున్నంతసేపూ గొంతు తగ్గించే మాట్లాడాడు.

జనవరి 19, 2025
కణుపులకి బెజ్జాలు పెట్టి తొట్టిలో నానబెట్టాం. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు. పుచ్చు రాదు.
కానీ ఈ మందు వెదురులో అతుక్కుని ఉండేది కాదు. వానలో పెడితే మెల్లగా కడుక్కుపోతుంది. పాడేరు వాన! ఇంక వాకిట్లోకి ఏం చెయ్యను? వార్నిష్ ఎన్ని పూతలు? మాకు ఇల్లంటే సగం వాకిలే కదా.

ఫిబ్రవరి 13
రాత్రి పుదుచ్చేరి గోల్కొండె గురించి చదివాను. అరవిందాశ్రమం వాళ్ళ వసతి గృహం. నిజాం కొలువులోని సర్ అక్బర్ హైదరీ చలవతో హైదరాబాద్ డబ్బు వచ్చింది, అందుకే ఆ పేరు. 1937 నుంచి జార్జ్ నకాషిమా అక్కడే ఉండి పని చూశాడు. అప్పటికి కుర్రాడు. తర్వాత ప్రపంచమంతా ఆయన చెక్కపని కోసం వెతుక్కుంది. గది గోడకి కిటికీ అద్దాల బదులు తిప్పుకునే పలకలు. గాలి కావాలంటే తెరుచుకో, జల్లు కొడితే మూసుకో.
ఎండావానల్ని గెలవాలని చూడలేదు వాళ్ళు. మనిషి చేతికి ఒక పని వదిలారు. నిద్ర పట్టలేదు.

మార్చి 23
ఒడిశాలో లమ్తాపుట్ వైపు వెళ్ళాం. గదబల ఊరు. ఊరి నడుమ సదర్. పోయినవాళ్ళ కోసం నిలిపిన రాళ్ళు, పరిచిన బల్లరాళ్ళు. పెద్దలు అక్కడే కూచుని ఊరి మంచీచెడూ మాట్లాడుకుంటారు. ఎండకి కాగి, వానకి తడిసి, ఎన్ని తరాలుగానో.
కూచోమన్నారు. కూచోలేకపోయాను. అది ఎవరి రాయో.
ఆ రూపం నేను ముట్టుకోను. అమ్ముకునే వస్తువు కాదు అది. కానీ ఆలోచన ఆగలేదు, దారి పొడుగునా. బయట ఉండాల్సింది రాయే.

ఏప్రిల్ 6
గీశాను. రెండు రాళ్ళు వాకిట్లో, కదలవు. వాటి గాడిలో కూచునే వెదురు బద్దల చట్రం. మబ్బు పడితే ఎత్తి లోపల గోడకి ఆనించడమే. చట్రం ఒక్క చేత్తో లేవాలి, మామ్మ చేత్తో.
రాతి మేస్త్రి ఖోండలైట్ వద్దన్నాడు. గాలికీ వానకీ పొడిపొడిగా రాలుతుంది. నల్లరాయి తెస్తానన్నాడు.

ఏప్రిల్ 27
చట్రం బరువు. మామ్మ ఎత్తలేదు. మధ్య బద్దలు రెండు తీసేశాం. అంచుల్లో గెడ సన్నం చేశాం.
కూచుంటే కొంచెం సాగుతోంది, నులక మంచంలాగే. ఆ సాగుడే బాగుంది అందరికీ. అలాగే ఉంచేద్దామా?

జూన్ 15
వాన మొదలైంది. "ఓలమ్మా, బద్దలు తడిసిపోతన్నాయ్!" మామ్మ కేక. నేను లేచేలోగా చట్రం లోపలికి వచ్చేసింది. తెచ్చింది పక్కింటి పిల్ల, రెండో క్లాసు.

జూలై 12
వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒకరు ధర అడిగారు. చెప్పాను. బేరం లేకుండా సరేనన్నారు. సంతోషమే. మరి మా వీధిలో ఎవరు కొంటారు? ఆ ధరకి ఎన్ని ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయో వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు.

జూలై 20
లెక్క మార్చి చూస్తున్నాను. తోట ఉన్న ఇళ్ళలో పడిన సిల్వరోకు ఉంటుంది. కొందరు పొయ్యిలోకి నరికేస్తున్నారు. పలక వాళ్ళదే అయితే? గట్టు మీది వెదురు వాళ్ళదే అయితే? మిగిలేది మిల్లు కోత, మావయ్య కూలి, మందు ఖర్చు. గీత నాది, దానికి డబ్బు వద్దు. పక్కింటి వాళ్ళతోనే మొదలు. వాళ్ళ అవ్వ మోకాళ్ళ ఎత్తు కొలవాలి ముందు. 12 అంగుళాలు ఆమెకీ సరిపోతుందా?