పాస్‌వర్డ్ కొట్టినా తప్పేనట!

స్టోరీలైన్లో స్లైడు మీద టెక్స్ట్ ఎంట్రీ ఫీల్డు పెట్టడం రెండు నిమిషాల పని. దానికో వేరియబుల్ వచ్చేస్తుంది, జవాబుతో పోల్చే ట్రిగ్గర్ పెడితే సరి. ఇంగ్లీషుకి పెద్దబడి, చిన్నబడి పట్టించుకోని పోలిక కూడా ఉంది. మరి తెలుగుకో?

మొన్న ఎవరో కట్టిన ట్రైనింగు కోర్సొకటి నా దగ్గరికి రిపేరుకొచ్చింది. అందులో ఓ ఖాళీకి జవాబు 'పాస్‌వర్డ్'. ఒకావిడ 'పాస్వర్డ్' అని కొట్టారు. ఇంకొకాయన 'పాసువర్డు' (పద్ధతైన మనిషి లెండి!). ఇద్దరికీ తప్పనే వచ్చింది. మొదటి రెండిటికీ తేడా మధ్యలో కంటికి కనపడని ఓ యూనికోడ్ అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్. అదావిడకేం తెలుసు? నాకు కంప్యూటర్ రాదని మూడో స్లైడు దగ్గరే ఆపేశారట.

పోల్చేముందు జావాస్క్రిప్టుతో ఆ అక్షరాన్ని పీకేశా. 'పాసువర్డు'నీ ఒప్పుల్లో కలిపా. 'సంకేతపదం' ఇంకా ఎవరూ కొట్టలేదు గానీ, అదీ చేర్చేశా.