ఆరని దీపం

మన ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందని ఎవరూ అనరు. అపశకునం. "కొండెక్కింది" అంటారు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, ఒక దీపం ఎప్పుడారిపోతుందా అని రెండు రోజులపాటు కనబడ్డ దేవుడికల్లా మొక్కుకున్నానంటే మిత్రులు నవ్వుతారని తెలుసు. నవ్వండి. అది దేవుడిగూట్లో దీపం కాదు. మా మావయ్య లారీ డ్యాష్‌బోర్డు మీది పసుపుపచ్చ ఏబీఎస్ దీపం.

మాది భీమునిపట్నం. సంక్రాంతి సెలవులకి ఇల్లు చేరేసరికి లారీ షెడ్డులో ఉంది. ముందు ఎడమచక్రం రొద పెడుతోందని, డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోందని మావయ్య బేరింగులు మార్పించాడు. మర్నాడు గాజువాకలో ఇనపకమ్మీలు ఎత్తి ఇచ్ఛాపురం చేర్చాలి. ఆ కిరాయి వస్తేనే బండి వాయిదా కట్టేది. సాయంత్రం స్టార్టు చేసి కాస్త దూరం నడిపి చూశాం. అన్ని దీపాలూ వెలిగి ఆరాయి. అదొక్కటీ అలాగే వెలుగుతూ కూర్చుంది.

"అల్లుడూ, మెకానికల్ సెకండియర్ కదా, ఇదేటో సూడు" అన్నాడు మావయ్య.

ఫ్యూజులు చూశాను. ప్లగ్గులు పీకి తుడిచాను. చివరికి పరమ గంభీరంగా "కంప్యూటరు పోయుంటుంది" అని తీర్పు చెప్పాను. మావయ్య మొహం చిన్నబోయింది. "బ్రేకులు బాగానే పడతన్నాయి కదండీ, దాని మీద ఏదైనా అంటించీండి" అన్నాడు డ్రైవరు. నల్లటేపు ముక్క చింపి దీపం మీద అంటించిన ఘనుణ్ణి నేనే!

పనిముట్లకోసం తిరిగొచ్చిన మెకానిక్ బాబాయి ఆ టేపు చూసి, గోటితో గీకి తీసేశాడు.

"మూసీడమేటి బాబూ? అది అరుస్తున్నాది. ఎందుకరుస్తున్నాదో సూడాలి గాని, నోరు నొక్కీడమేటి?"

మన దేశంలో కొత్త భారీ లారీలకు ఏబీఎస్ తప్పనిసరి అయింది 2015లో. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా, అది బ్రేకును వదులుతూ పడుతూ ఉంటుంది. అందుకు ఒక్కో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో దానికి తెలియాలి. హబ్బుకు సాధారణంగా 100 పళ్ళున్న చక్రం ఒకటి ఉంటుంది. దాని పక్కనే అయస్కాంతమూ, తీగచుట్టా ఉన్న సెన్సారు. పళ్ళు దాని ముందునుంచి కదిలిపోతుంటే కొద్దిపాటి కరెంటు పుడుతుంది. మధ్య సందు పెరిగితే ఆ కరెంటు నీరసిస్తుంది. హబ్బు ఊడదీసి బిగించేటప్పుడు సెన్సారు వెనక్కి జరగడం మామూలే. కనుక బేరింగులు మార్చాక దీపం వెలిగితే ముందుగా అనుమానించాల్సింది దాన్నే, కంప్యూటరును కాదు.

జాకీ ఎత్తి, మిగతా చక్రాలకు చెక్కలు పెట్టి, సెన్సారు తీగలకు మీటరు తగిలించాం. రెండు సెకన్లకొక చుట్టు చొప్పున చేత్తో తిప్పితే సుమారు 0.2 వోల్టులైనా రావాలి. కుడివైపు వచ్చింది. ఎడమవైపు అందులో సగం కూడా లేదు. బాబాయి సుత్తి ముట్టుకోలేదు. పళ్ళకు తగిలేదాకా సెన్సారును చేత్తోనే నొక్కాడు. మీటరులో అంకె పెరిగింది. అయినా దీపం ఆరలేదు!

"నిలబెట్టి ఉంచితే ఎలా ఆర్తాది? సక్రాలు తిరుగుతున్నాయని దానికి తెలియాలి కదా" అన్నాడు.

నిజమే, బండి కాస్త కదలగానే ఆరిపోయింది. ఉత్సాహంగా తగరపువలస దాకా వెళ్ళాం. తిరుగుదారిలో మళ్ళీ వెలిగింది.

ఈసారి బాబాయి ఏమీ మాట్లాడలేదు. చక్రాన్ని మళ్ళీ ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్... టక్... మంది. నా గుండె కూడా.

"తప్పు నాదే బాబూ. తొందరలో నట్టు సరిగ్గా బిగించనేదు."

బేరింగులో ఆట మిల్లీమీటరులో పదోవంతు లెక్కలో ఉండాలి. అంతకు మించితే హబ్బు ఊగుతుంది, పళ్ళచక్రం సెన్సారును వెనక్కి నెట్టేస్తుంది. దీపం చెబుతున్నది అదే. అలాగే వదిలేస్తే బేరింగు నలిగిపోవచ్చు, చక్రమే ఊడిపోవచ్చు. కమ్మీల బరువుతో, రెండువందల పైచిలుకు కిలోమీటర్లు, నా టేపు ముక్క కాపలాగా!

మర్నాడు కొత్త లాక్‌వాషరు తెచ్చి, చక్రం తిప్పుతూ నట్టు బిగించి, వదులుచేసి, డయల్ గేజీతో కొలిచి లాక్ చేశాడు. సెన్సారును మళ్ళీ నొక్కాం. తగరపువలస వెళ్ళొచ్చినా దీపం వెలగలేదు. లోడు ఒకరోజు ఆలస్యమైంది. మావయ్య ఆసామి చేత నాలుగు మాటలు పడ్డాడు. డ్రైవరు మాత్రం పండక్కి ఇల్లు చేరాడు, భోగిమంట దగ్గర పిల్లల్ని ఎత్తుకుని కనిపించాడు.

బేరింగుల మీద ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. కాని కాలేజీ మొహం చూడని ఆ పెద్దాయన, ఇరవైయేళ్ళు నిండని నా ముందు "తప్పు నాదే" అన్నాడు. ఆ మాట నేను మావయ్యతో అనడానికి ఆ రాత్రిదాకా పట్టింది.

ఆలస్యంగా ఇల్లు చేరితే అమ్మ అన్నం పెడుతూ అడిగింది, ఇంతసేపేమిటని.

"దీపం ఇప్పుడే ఆరిందమ్మా!"

"తప్పు నాయనా! కొండెక్కింది అనాలి."