పదమూడు సెకన్లంటే ఏముందన్నా!

పోయిన శనివారం పొద్దున వచ్చిన కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇది రాస్తున్నా. మేముండే ఇంగ్లండ్ ఊళ్ళో శనివారం తొమ్మిదింటికి పార్కులో 5 కిలోమీటర్ల పరుగు ఉంటుంది, పార్క్‌రన్ అంటారు. అదయ్యాక తెలుగువాళ్ళం నలుగురం ఒక బల్ల దగ్గర చేరి టీ తాగుతాం. మాలో కావలి ఊరి తమ్ముడొకడున్నాడు. మంచివాడు, ఎవరింట్లో ఏ పనున్నా ముందుండేవాడు. ఫోన్లో జ్యోతి యర్రాజి ప్యారిస్ ఒలింపిక్స్ పరుగు చూస్తూ, "13.16 అంటన్నా, హీట్లో ఏడో స్థానం. పదమూడు సెకన్లంటే ఏముందన్నా! కాలేజీలో నేనూ పదమూడులోనే పరిగెత్తా గదా, ఉత్త కాళ్ళతో" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. నాకు టీ గొంతు దిగలేదు.

ఈ మాట వాడొక్కడిది కాదు. వాట్సాప్‌లో వస్తుంది, ఉగాది భోజనాల దగ్గర వినిపిస్తుంది, కొడుకును స్కూలు పరుగు పందెంలో చూసొచ్చిన తండ్రి నోట వస్తుంది. 100 మీటర్లలో బోల్ట్ 9.58 అయితే మనది 13, మూడున్నర సెకన్లే గదా తేడా అంటారు. ఆ మూడున్నర సెకన్లను నేలమీద పరిచి చూడండి. 2009లో బెర్లిన్‌లో బోల్ట్ గీత దాటిన క్షణానికి ఈ పదమూడు సెకన్ల మనిషి ఇంకా 70 మీటర్ల దగ్గర ఉంటాడు. ముందు దాదాపు 30 మీటర్ల ఖాళీ ట్రాకు. మధ్యలో ఒక ఇల్లు కట్టుకోవచ్చు.

పార్క్‌రన్‌ను తప్పుపట్టడం లేదు. ఈ దేశంలో నాకు మనసారా నచ్చిన వాటిలో అదొకటి. 2004లో లండన్ దగ్గర బుషీ పార్కులో 13 మందితో మొదలైంది. పైసా తీసుకోరు. టైము రాసేవాళ్ళు, దారి చూపేవాళ్ళు, అందరూ ఊరివాళ్ళే, ఊరికే చేస్తారు. అందరికంటే వెనక నడవడానికే ఒక మనిషిని పెడతారు, పరుగుకొచ్చిన వాళ్ళలో ఎవరికీ ఆఖరివాణ్ణయ్యానన్న చిన్నతనం రాకూడదని. ఎంత మర్యాద! మధ్యాహ్నానికి ఫలితం మెయిల్లో వస్తుంది. మన టైముతోపాటు ఒక శాతం కూడా ఉంటుంది, ఏజ్ గ్రేడ్ అంటారు. మన వయసుకు ప్రపంచంలో అత్యుత్తమంగా నిలిచిన టైమును తీసుకుని, మన టైముతో భాగించి చెప్పే లెక్క అది. అరవై ఏళ్ళ ఆవిడ, ఇరవై ఏళ్ళ కుర్రాడు ఎవరి వయసుకు తగ్గట్టు వాళ్ళు ఎంత బాగా పరిగెత్తారో పోల్చుకోవడానికి పెట్టారు.

మా తమ్ముడి చేతికొచ్చేసరికి ఆ అంకె పరీక్ష మార్కు అయిపోయింది. "నాది 61 శాతం అన్నా. ప్రపంచ రికార్డులో 61 అంటే ఫస్ట్ క్లాసే గదా!" ఆ లెక్కలో 60 దాటితే మీ పేటలో బాగా పరిగెత్తేవాళ్ళ స్థాయి, 90 దాటితేనే ప్రపంచ స్థాయి. ఆ సంగతి చెప్పినా వాడి చెవికెక్కదు. 61కీ 100కీ మధ్య ఏముందో చూడాలంటే 2020లో మొనాకోలో ఉగాండా మనిషి జాషువా చెప్టెగై 5,000 మీటర్లను 12 నిమిషాల 35 సెకన్లలో ముగించిన పరుగు చూడాలి. 100 మీటర్లకు 15.1 సెకన్ల లెక్క. మనలో చాలామంది ప్రాణం పెట్టి ఒక్క 100 మీటర్లు ఆ వేగంతో పరిగెత్తగలరేమో. ఆయన ఆగకుండా యాభై సార్లు పరిగెత్తాడు.

మళ్ళీ ఆ పదమూడు సెకన్ల దగ్గరికి వస్తా, వదిలేది లేదు. కాలేజీలో వాడి టైము చూసింది ఎవరు? విజిల్ వేసి, చేతిలో స్టాప్ వాచీ నొక్కిన మనిషి. చేతి వాచీ టైముకు 100 మీటర్లలో 0.24 కలిపితేగాని ఎలక్ట్రానిక్ టైముతో సమానం కాదని లెక్క. అంటే వాడి 13 నిజానికి 13.24. ప్యారిస్‌లో ఏడో స్థానంలో నిలిచిందని వాడు పెదవి విరిచిన ఆ అమ్మాయి 13.16. వాడు ఉత్త దారిలో పరిగెత్తితే ఆమె దారిలో పది హర్డిల్స్ ఉన్నాయి, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది 13 మీటర్ల దగ్గర, ఆపైన 8.5 మీటర్లకు ఒకటి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూడంటే మూడే అడుగులు. పది గోడలు దాటి కూడా ఆ అమ్మాయి వాడికంటే ముందే ఉంటుంది. ఆమె అత్యుత్తమ టైము 12.78. 2023 ఆగస్టులో చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో పరిగెత్తింది. ఆ పరుగు పక్కన మా తమ్ముడి ఇరవయ్యేళ్ళ వయసును, గోడల్లేని దారిని పెట్టినా మూడున్నర మీటర్లు వెనకే ఉంటాడు.

ప్యారిస్‌కు నేరుగా అర్హత రావాలంటే కావలసిన టైము 12.77. ఆమెది 12.78. సెకనులో నూరో వంతు తక్కువపడి, ర్యాంకింగ్ దారిలో వెళ్ళాల్సి వచ్చింది. 100 మీటర్ల హర్డిల్స్‌లో ఒలింపిక్స్‌కు వెళ్ళిన మొదటి భారతీయురాలు ఆమె. 1984లో లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష చేతిలోంచి పతకం జారింది కూడా ఆ నూరో వంతుతోనే, 55.42కు 55.41. మా అమ్మానాన్నల తరం ఆ అంకెను ఇంట్లో ఎవరో పోయినట్టు చెప్పుకునేది. నూరో వంతుకు అంత విలువున్న చోట మనవాళ్ళు సెకన్లకు సెకన్లు పిడికిళ్ళతో తీసి దానం చేస్తుంటారు.

జ్యోతికి అసలు అన్యాయమనిపించేది ఇంకోటుంది. 2020 జనవరిలో కర్ణాటకలో మూడబిద్రిలో అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆమె 13.03లో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్‌ది, 2002 నాటి 13.38. రికార్డు బద్దలైనట్టే. కానీ అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు, అందుకని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడ్‌లో మళ్ళీ 13.09. ఈసారి వెనకనుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు వీచింది. అనుమతించేది 2.0. దశాంశం దగ్గర రికార్డు పోయింది. మరుసటి నెల సైప్రస్‌లో 13.23లో పరిగెత్తితే అప్పుడు రాశారు ఆమె పేరు. ముందు రెండుసార్లకంటే నిదానంగా పరిగెత్తిన పరుగే ఆమెను రికార్డుల పుస్తకంలోకి తీసుకెళ్ళింది. ఆమె ఆ రెండు పరుగులనూ వదులుకుని మళ్ళీ మొదటి గీత దగ్గరికి వెళ్ళి నిలబడింది. విశాఖలో వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళలోనూ ఆసుపత్రిలోనూ పనిచేసిన మనిషి. ఆ ఇంటి నుంచి హైదరాబాదులో నాగపురి రమేశ్ దగ్గరికి, అక్కణ్ణుంచి భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గరికి వెళ్ళిన పిల్ల. గాలి లెక్క లేదు, గన్ను లేదు, డోప్ పరీక్ష లేదు, అయినా మనవాళ్ళ కాలేజీ టైములు మాత్రం చెక్కుచెదరవు.

ఇక మూడబిద్రి. జనవరిలో ఆ అమ్మాయి పరిగెత్తిన ఊరి పక్కనే, నెల తిరక్కుండా, 2020 ఫిబ్రవరి మొదట్లో ఐకళలో కంబళ జరిగింది. శ్రీనివాస గౌడ అనే యువకుడు బురదలో దున్నలతోపాటు 142.5 మీటర్లు 13.62 సెకన్లలో దాటాడు. ఎవరో భాగహారం చేసి 100 మీటర్లకు 9.55 అన్నారు. బోల్ట్‌ను మించాడన్నారు. దేశమంతా ఊగిపోయింది, కేంద్ర మంత్రి స్పోర్ట్స్ అథారిటీ (సాయ్) పరీక్షకు రమ్మన్నారు. ఆ పక్క ఊళ్ళోనే నెల ముందు నిజంగా జాతీయ రికార్డు దాటిన అమ్మాయి పేరు ఆ రోజుల్లో ఎంతమంది నోట విన్నాం? ఆ గౌడను నేను ఒక్క మాట అనను, ఎందుకంటే ఆయన తనను తాను పోల్చుకోలేదు. కంబళలో మడమలతో పరిగెత్తుతారని, ట్రాకు మీద మునివేళ్ళతో పరిగెత్తాలని, తన వేగంలో దున్నల వంతు ఉందని చెప్పి పరీక్షకు వెళ్ళలేదు. పరిగెత్తినవాడికి తెలిసింది, భాగహారం చేసినవాళ్ళకు తెలియలేదు.

ఆఫీసులో ఒక ఇంగ్లీషాయన పోయినేడు నన్నడిగాడు, నూట నలభై కోట్లమంది ఉన్నారు, పరిగెత్తేవాళ్ళేరీ అని. చెడ్డ మనిషి కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. నాకు మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. జ్యోతి పేరు చెప్పాను. వరంగల్ వైపు కల్లెడలో పుట్టి, 2024లో కోబేలో పారా 400 మీటర్లను 55.07 ప్రపంచ రికార్డుతో గెలిచి, ప్యారిస్ పారాలింపిక్స్‌లో కంచు తెచ్చిన దీప్తి జీవాంజి పేరు చెప్పాను. పరుగు కాకపోయినా మా నెల్లూరు జిల్లా సంగం మనిషి మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడని చెప్పాను. ఆయన ఏ తేదీన ఏ కొండ మీద ఉన్నాడో ఎవరైనా సరిచూసుకోవచ్చు. 2015లో ఆండీస్ కొండల్లో పోయాడు. ఇంగ్లీషాయన ఆ పేరు రాసుకున్నాడు. అంతటితో ఆగక మైపాడు గురించి కూడా మొదలుపెట్టాను. మా సముద్రం ఒడ్డున మనుషులు ఇసకలో పరిగెత్తే తీరు చూస్తే మీ ట్రాకులు ఎందుకు అనబోయి, ఆగాను. అక్కడికి పోలిక నడవదు.

ఎందుకు నడవదో చెప్పాలంటే అలివి వల గురించి చెప్పాలి. తీరం తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పడవ మీద వలను అర్ధచంద్రంలా వేసుకొస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున రెండు జట్లు పట్టుకుంటాయి. వెనక్కి అడుగులేస్తూ లాగుతారు. సర్వి తోపు వైపు ఎండిన ఇసక దాకా వచ్చిన చివరి మనిషి తాడు వదిలి, మళ్ళీ నీళ్ళ అంచుకు పరిగెత్తి ముందు పట్టుకోవాలి. ఆ పరుగు వల ఒడ్డుకొచ్చేదాకా తప్పదు. పైన ఎండిన ఇసకలో కాలు పిక్కదాకా దిగబడుతుంది, కింద తడి ఇసక అరుగులా గట్టిగా ఉంటుంది. సెలవుల్లో మా నాయనతో ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయినప్పుడు పిల్లలమూ తాడు పట్టేవాళ్ళం. చేతిలో గుప్పెడు చేపలు పెడితే చాలు. మాకంటే రెండేళ్ళు పెద్దవాళ్ళయిన పట్టపుపాళెం జాలరి పిల్లలు ఎండిన ఇసకలోనుంచి తడి ఇసకలోకి దూకే చోట అడుగు ఎట్ట మార్చేవాళ్ళో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అడుగు చిన్నదై, మోకాలు పైకి లేచేది. చేపలు దిగాక ఆడవాళ్ళు గంపలెత్తుకుని మొదటి బస్సుకు పరిగెత్తేవాళ్ళు, మెడ కదలకుండా, తొణక్కుండా.

ఎంత వేగం అది? ఎవరికీ తెలియదు. వాళ్ళలో ఎవరూ బోల్ట్‌ను అందుకుంటాననలేదు. ఇసకలో పెరిగిన పిల్లలు ట్రాకెక్కితే ఇట్టే పతకాలొస్తాయని ఇక్కడ సంఘం సమావేశాల్లో మైకులో చెప్పేవాళ్ళుంటారు, నాకు వాళ్ళమీదా కోపమే. ఇసకలో పరుగు ఇసకలో పరుగే. దానికి గన్ను చప్పుడు రాదు, ముందుకు ఒంగి గీత మీద ఛాతీ పెట్టడం రాదు, మూడడుగుల లెక్క రాదు. అవి నేర్పేవాడు కావాలి, నేర్చుకునే చోటు కావాలి. జ్యోతికి దొరికిందీ, ఆ పిల్లలకు దొరకనిదీ అదే. ఇక్కడ మా పార్కుకు కూతవేటు దూరంలో ఎర్రటి సింథటిక్ ట్రాకుంది. మంగళవారం సాయంత్రం పదేళ్ళ పిల్లలు మోకాలెత్తు హర్డిల్స్ దాటుతుంటారు. డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన లాంగ్ జంప్ ఇసకలో టేపు పట్టి, కళ్ళద్దాలు సర్దుకుని, సెంటీమీటరు తేడా రాకుండా చదువుతాడు. ఏడేళ్ళ పిల్ల దూకిన దూరానికి అంత గౌరవం. ఆయన్ని చూసినప్పుడు నాకు ఈ దేశమంటే ప్రేమ కలుగుతుంది, వెంటనే మా ఊరి పిల్లల తరఫున ఉడుకుమోత్తనం వస్తుంది.

శనివారం తమ్ముడికి ఇదంతా బల్ల దగ్గరే చెప్పాను, కొంచెం గట్టిగానే. వాడు నొచ్చుకున్నాడు. "ఊరికే అన్నాలే అన్నా, అంత సీరియస్ ఏంది" అన్నాడు. ఊరికే అనకు అబ్బయ్యా అన్నాను. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు అదే బల్ల దగ్గర కూర్చుని వింటున్నారు. వాడి కూతురికి పదేళ్ళు. మంగళవారం ట్రాకుకొచ్చే పిల్లల్లో అదొకతి.

ఆదివారం వాడే ఫోన్ చేశాడు. మైపాడుకూ ఇందుకూరుపేటకూ మధ్య ఒక ఊరి బడికి ఇద్దరం కలిసి హర్డిల్స్ కొనిద్దామన్నాడు, ఎత్తు తగ్గించి పెంచుకునే రకం, పది. నాకు సంతోషమేసింది. ఆ బడి డ్రిల్లు మాస్టారు నెంబరు తెలిసినవాళ్ళ దగ్గర పట్టి, లైనులో ముగ్గురం మాట్లాడాం. మాస్టారు అంతా విని, పది వద్దు సార్, ముందు నాలుగు చాలు అన్నారు. "అవి కూడా సంక్రాంతి దాటినాక పంపండి సార్. ముందు గ్రౌండు చదును చేయించాల. తుఫాను వానలకు ఆగ్నేయం మూల నీళ్ళు నిలబడతా ఉండాయి, నాలుగు ట్రాక్టర్ల మన్ను పడితేగాని గీత గీసేదానికి లేదు." ట్రాక్టరు మన్ను ఎంతవుతుందని తమ్ముడు అడుగుతున్నాడు.