ముందు నేల, తర్వాత మెరుగు

ఏమండీ, మీరు కూడా మెరుపు గురించే అడుగుతారా? అందరూ అదే అడుగుతారు. పెట్రోలు బంకులో బండి ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి రేకు మీద చెయ్యి వేసి చూస్తారు. "ఇంత తళతళలాడుతోంది, ఏం పెట్టి తోమారు?" అంటారు. చెప్తాను, తోముడు సంగతీ చెప్తాను. దానికి ముందు ఒక్కసారి లోపలికొచ్చి, ఆ వెనక మూల నేలని మడమతో గట్టిగా తొక్కండి. ఇంకా గట్టిగా. కదల్లేదు కదూ? అదీ అసలు సంగతి! మెరుపు చివరి పని. ముందు నేల.

మాది 1966 నాటి ఎయిర్‌స్ట్రీమ్ సఫారి. 22 అడుగుల పొడవు. కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే ఇల్లన్నమాట. మంచం, పొయ్యి, సింకు, స్నానాల గది అన్నీ ఇందులోనే. మేముండేది ఒహాయోలో. ఈ కంపెనీ కాలిఫోర్నియాలో పుట్టినా 1952 నుంచి మా రాష్ట్రంలో, జాక్సన్ సెంటర్ అనే చిన్న ఊళ్లో బళ్లు కడుతోంది. మా మరదలు ఫోన్ చేసినప్పుడల్లా "కొత్తది కొనుక్కోవచ్చుగా బావా?" అంటుంది. కొత్తదైతే విప్పడానికి మనసొస్తుందా, మీరే చెప్పండి! విప్పకపోతే ఇంకేం సరదా?

అసలు దీని వెనక ఒకాయన ఉన్నాడు, వాలీ బయామ్ అని. 1896 జూలై 4న ఆరెగన్‌లో పుట్టాడు. కుర్రతనంలో గొర్రెలు కాశాడు. గాడిద లాగే చిన్న బండే ఇల్లు. అందులోనే పడక, కిరోసిన్ పొయ్యి, నీళ్ల బకెట్టు. ఆ రుచి మరిగాడు. పెద్దయ్యాక పత్రికలు నడిపాడు. ట్రెయిలర్ ఎలా కట్టుకోవాలో చెప్పే వ్యాసం ఒకటి వేస్తే, ఆ లెక్కలతో బండి కుదరడం లేదని పాఠకులు మొత్తుకున్నారు. పాఠకులంటే మరి మీలాంటివాళ్లే కదా, ఊరుకుంటారా! సరేనని తనే గీసి, తనే కట్టి చూశాడు.

ఈ గుండ్రటి రేకు ఒళ్లు మాత్రం హాలీ బౌలస్ అనే గ్లైడర్ల నిపుణుడి చలవ. లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం ఉంది చూశారూ, స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్, దాన్ని దగ్గరుండి కట్టించింది ఈయనే. 1934లో రోడ్ చీఫ్ అనే ట్రెయిలర్ తెచ్చాడు. ఎంత అందమైన బండో! తలుపు మాత్రం ముందువైపు, కారుకి తగిలించే కొక్కెం దగ్గర పెట్టాడు. ఎక్కాలంటే ఆ ఇనుప కడ్డీలు దాటుకుని కాలెత్తాలి. చీర కట్టుకున్న మనిషి ఎలా ఎక్కుతుందండీ? ఆ కంపెనీ దివాలా తీశాక బయామ్ తలుపుని పక్కకి మార్చి, 1936లో క్లిప్పర్ అనే పేరు పెట్టి 1,200 డాలర్లకి అమ్మకానికి పెట్టాడు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఒక్క మెట్టేసి హాయిగా లోపలికి వచ్చి కూర్చుంది. ఆ తలుపు మార్చిన పుణ్యం ఊరికే పోదు.

సరే, విప్పుదాం రండి. ఇది విమానాల పద్ధతిలో కట్టిన ఒళ్లు. అల్యూమినియం పక్కటెముకలు, వాటికి బయటొక రేకు, లోపలొక రేకు, మధ్యలో చలి ఆపడానికి ఫైబర్‌గ్లాస్ పరుపు. బయటి రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అయినా బరువు మోయడంలో దానికీ వాటా ఉంది. ఒంపు తిరిగిన రేకుకి ఉన్న బలం అలాంటిది. దీన్నంతా పట్టి ఉంచేవి రివెట్లు, వేల కొద్దీ. ఒక్కో రివెట్ వెనక ఒక్కో చిల్లు. చిల్లున్న చోట నీళ్లకి దారి. పాత ట్రెయిలర్ బాగు చేయడమంటే నీళ్లతో పోట్లాట. మిగతావన్నీ తర్వాతే.

నేల ప్లైవుడ్. కింద ఇనుప చట్రం, పైన రేకు గూడు, ఈ రెంటి మధ్యా ఆ ప్లైవుడ్ అంచు ఇరుక్కుని ఉంటుంది. మూడింటినీ కలిపి బోల్టులు బిగిస్తారు. కిటికీ పైనో, వెనక లైటు పక్కనో దూరిన నీటి చుక్క రేకు వెనకాలే జారిపోతూ సరిగ్గా ఆ అంచు మీదికి దిగుతుంది. లోపల కూర్చున్న మీకు ఏమీ కనపడదు. కార్పెట్టు శుభ్రంగా ఉంటుంది. అడుగున మాత్రం చెక్క నాని, పొరలు విడిపోయి, పుచ్చిపోతూ ఉంటుంది. దానికి తోడు, తడి తగిలితే ఇనుముకీ అల్యూమినియానికీ క్షణం పడదు. రెండూ ఆనుకున్న చోట అల్యూమినియం తరిగి తెల్లటి పొడిగా రాలుతుంది. అందుకే చట్రానికి ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, రెండు లోహాల మధ్యా టేపు అడ్డం వెయ్యాలి. ఒకదాన్నొకటి తాకనివ్వకూడదు, అంతే.

నేల మొత్తం మార్చాలంటే గూడు పైకి లేపాల్సిందే. సామాను దించి, లోపలి రేకు ఊడదీసి, గూడు వంకర పోకుండా లోపల కర్రలతో అడ్డాలు కట్టి, చుట్టూ బోల్టులు విప్పి, చెయిన్ బ్లాకుతో మెల్లగా లేపాలి. మా తెలుగు సంఘం కుర్రాళ్లు సాయం వచ్చారు. గూడు గాల్లోకి లేవగానే ఒకడు "అంకుల్, ఇంతేనా బరువు?" అని నోరెళ్లబెట్టాడు. వాళ్లు ఆవకాయ పెరుగన్నం తింటూ ఆ ఖాళీ గూడు కింద కూర్చుని ఎంతసేపు కబుర్లు చెప్పారో! ఆ లోపలి రేకు తీసినప్పుడు ఏం కనిపించిందో తెలుసా? ఎలుక గూడు కనిపించింది, అది ఎటూ ఉండేదే. దాని పక్కన పక్కటెముక మీద, కార్ఖానాలో ఎవరో పెన్సిలుతో గీసుకున్న కొలత గుర్తు. 1966లో గీసిన గీత, వెలుతురు తగలక చెక్కుచెదరలేదు. దాన్ని తుడవకుండా అలాగే ఉంచి రేకు మూసేశాం. మళ్లీ విప్పేవాళ్లకి ఉండాలి కదా.

రివెట్ కొట్టడం ఇద్దరి పని. పాత రివెట్‌ తల నడిమధ్య డ్రిల్ పెట్టి, తల ఊడగొట్టి, మొండేన్ని సన్నటి పంచ్‌తో లోపలికి తోసెయ్యాలి. కొత్తది పెట్టాక బయట నేను గాలి గన్ను పట్టుకుంటాను, లోపల మా ఆవిడ ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటుంది. మధ్యలో రేకు. ఒకరికొకరం కనపడం. ఆ మోతలో "ఏవండీ, ఇంకొంచెం!" అని అరిచినా వినపడదు. దీని కోసమే పూర్వం విమానాల కార్ఖానాల్లో తట్టి చెప్పే పద్ధతి ఒకటుండేది. లోపల్నించి ఒక తట్టు తడితే ఇంకాస్త కొట్టమని. రెండు తట్లంటే సరిపోయింది. మూడు తట్లంటే చెడింది, తీసెయ్. రివెట్ తోక దాని లావుకి ఒకటిన్నర రెట్లు వెడల్పుకి పరుచుకుని, లావులో సగం ఎత్తుకి అణగాలి. మొదట్లో మా ఆవిడ ప్రతిదానికీ కొలబద్ద పెట్టేది. ఇప్పుడు చూపుడువేలితో తడిమి చెప్పేస్తుంది. రెండు తట్లు వినపడినప్పుడల్లా ఎంత సంతోషమో!

ఇంతకీ ఈ బండి చంద్రుడి దాకా పోయినవాళ్లని కూడా మోసిందని మీకు తెలుసా? 1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు తిరిగొచ్చాక, చంద్రుడి మీది సూక్ష్మక్రిములేవైనా అంటుకుని వచ్చాయేమోనని విడిగా ఉంచాలనుకున్నారు. ఎక్కడ ఉంచారు? హార్నెట్ అనే యుద్ధనౌక మీద, ఎయిర్‌స్ట్రీమ్‌ని మార్చి చేసిన గదిలో! చక్రాల్లేవు అంతే. ముగ్గురూ కిటికీ దగ్గర చేరి నవ్వుతుంటే, బయట అధ్యక్షుడు నిక్సన్ నిలబడి మాట్లాడుతున్న ఫొటో చూసే ఉంటారు. ఆ ముగ్గురిలో ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టింది వాపకొనెటా దగ్గర, జాక్సన్ సెంటర్‌కి కూతవేటు దూరం. ఆ గది ఇప్పుడు వర్జీనియాలో డలెస్ విమానాశ్రయం పక్కన ఉడ్వర్-హేజీ మ్యూజియంలో ఉంది. వర్జీనియా తెలుగువాళ్లూ, ఇంటికొచ్చిన చుట్టాలందరినీ వైట్‌హౌస్‌కే తీసుకుపోతారు గానీ, ఒక్కసారి ఇటు కూడా తీసుకెళ్లండి. లోపలికెళ్లడానికి టిక్కెట్టు కూడా లేదు. వెళ్తే ఆ రివెట్ వరసలు చూడటం మర్చిపోకండి.

ఎక్కడున్నాం? నీళ్ల దగ్గర. అన్నీ బిగించాక ఎక్కడ కారుతుందో ఎలా తెలుస్తుంది? వానొచ్చేదాకా ఆగాలా? అక్కర్లేదు. కిటికీలూ వెంట్లూ మూసి, బ్లోయర్‌తో లోపలికి గాలి కొట్టాలి. బయట అతుకుల మీద సబ్బు నీళ్లు రాయాలి. మన సైకిల్ షాపులో పంక్చర్ ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచినప్పుడు బుడగలొస్తాయే, అచ్చం అలాగే, చిల్లున్న చోట బుసబుసా నురగ లేస్తుంది. పెన్సిలుతో సున్నా చుట్టి, తర్వాత సీలెంట్ పెట్టడమే. మీ కాళ్లు మొక్కుతాను, సిలికాన్ మాత్రం పెట్టకండి! అది కొన్నాళ్లకి అల్యూమినియాన్ని వదిలేస్తుంది. పోతూ పోతూ జిడ్డు వదిలిపోతుంది, దాని మీద ఇంకే మందూ అంటుకోదు. పాలీయూరిథేన్ సీలెంట్ పెట్టండి. లోపలి రేకు వెయ్యకముందే లోపల్నించి కూడా ప్రతి అతుక్కీ పూయండి.

ఇప్పుడు మెరుపు. అడిగారుగా, వినండి. 1960ల మధ్య నుంచి కార్ఖానాలోనే రేకుకి పారదర్శకమైన పూత వేసేవాళ్లు. అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి పొలుసులుగా లేస్తుంది. అంచుల దగ్గర సన్నటి తెల్లటి గీతలు పాకుతాయి. ముందు ఆ పూత గీకెయ్యాలి. కింద ఉన్న రేకు ఆల్‌క్లాడ్, అంటే మధ్యలో గట్టి మిశ్రలోహం, రెండు పక్కలా పలచగా స్వచ్ఛమైన అల్యూమినియం. మెరిసేదీ ఆ పొరే, లోపలి లోహాన్ని కాచేదీ ఆ పొరే. కాబట్టి ఉత్సాహం కొద్దీ ఏటా గరుకు మందు పెట్టి రుద్దారంటే ఉన్న కాస్త పొరా పోతుంది. మొదటిసారి గరుకుది, తర్వాత మెత్తది, ఆపైన ఇంకా మెత్తది. అక్కణ్ణించి ఎప్పుడైనా మెత్తదే. ఒక్కో రేకు విడిగా పట్టండి. రుద్దుతుంటే నల్లటి మసి దిగుతుంది, చేతులకీ మొహానికీ. ఆ మసి వదలాలంటే మినరల్ స్పిరిట్స్‌తో పాటు గోధుమపిండి చల్లి తుడుస్తారు. పిండి ఆ నలుపుని పీల్చేసుకుంటుంది. "చపాతీల డబ్బా మళ్లీ షెడ్డులోకి పోయిందా?" అని మా ఇంట్లో కేక వినిపిస్తే, ఆ పూట బండికి మెరుగు పెడుతున్నట్టే లెక్క.

బాగా మెరిశాక దగ్గర్నుంచి చూడండి. ముందూ వెనకా గుండ్రటి ముక్కు ఉంది చూశారూ, అది ఒకే రేకు కాదు. రెక్కలు రెక్కలుగా కోసి కలిపారు. 1950ల బళ్లలో కొన్నిటికి 13 రెక్కలు. తర్వాత తర్వాత 7కీ, 5కీ తగ్గాయి. మా వాళ్లు రోడ్డు మీద ఇంకో బండి కనిపిస్తే ఆ రెక్కలు లెక్కపెట్టి వయసు చెప్పేస్తారు. రెక్కకీ రెక్కకీ రేకులోని సన్నటి గీతలు పోయిన తీరు వేరు. ఎండ ఒకదాని మీద తెల్లగా, ఇంకోదాని మీద నీలంగా పడుతుంది. ఎవరైనా దీన్ని లోపమంటే నేనొప్పుకోను.

ఏటా చేసే పనులు గబగబా చెప్పేస్తాను. టైర్ల అరుగుదల చూసి మోసపోకండి, వయసు చూడండి. పక్కన అచ్చేసిన చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటితే ఎంత కొత్తగా కనిపించినా మార్చెయ్యండి. బేరింగులకి ఏటా గ్రీజు. 1960ల నుంచి ఇరుసు లోపల రబ్బరు కడ్డీలే స్ప్రింగుల పని చేస్తాయి. అవి బిగుసుకుపోతే బండి కుంగుతుంది, కొత్త ఇరుసు వేయించడం తప్ప దారి లేదు. చలికాలానికి ముందు పైపుల్లో నీళ్లు తీసేసి గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయాలి. మా ఒహాయో చలికి రాగి పైపులైనా పగులుతాయి.

ఇన్ని చేసి ఎక్కడికి వెళ్తారంటారా? బయామ్ అయితే 1959లో 41 బళ్లేసుకుని కేప్‌టౌన్ నుంచి కైరో దాకా పోయాడు. ఆయన పోయాక 1963-64లో ఇంకో బృందం సింగపూర్‌లో బయల్దేరి మన దేశం మీదుగా యూరప్ చేరింది. మేము మహా అయితే కెంటకీ కొండల దాకా. పొద్దున్నే పైన వెంటు ఫ్యాను వేసి పెసరట్టు పోస్తే, అల్లం వాసన క్యాంపు మొత్తానికీ వెళ్తుంది. అంతే, కప్పు కాఫీ పట్టుకుని జనం ఒక్కొక్కరే వచ్చేస్తారు. ఒకరికి ఇరుసు సందేహం, ఇంకొకరికి కిటికీ సందేహం. 1966 నుంచి 68 దాకా కార్నింగ్ వాళ్ల ఒంపు తిరిగిన గాజులు పెట్టేవాళ్లు. మా బండికి అవన్నీ అసలువే ఉన్నాయని తెలిస్తే చాలు, అట్టు పక్కన పెట్టి మరీ కిటికీ చూడ్డానికి లేస్తారు!

మీకూ మనసవుతోంది కదూ? మొహం చూస్తేనే తెలుస్తోంది. అయితే పాత బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక స్క్రూడ్రైవరు పెట్టుకోండి. మెరుపు వైపు చూడకుండా సరాసరి లోపలికెళ్లి నాలుగు మూలలా, తలుపు కిందా నేలని గుచ్చండి. దిగితే చెక్క పోయినట్టే. తర్వాత బయటికొచ్చి వెనక బంపరు మీద నిలబడి బాగా ఊగండి. మీతో పాటు గూడు కూడా ఊగితే మంచిది. బంపరు మాత్రం కిందికి పోయి గూడు కదలకుండా ఉందంటే, చట్రానికీ గూడుకీ సంబంధం తెగిందన్నమాట. ధర దానికి తగ్గట్టు అడగండి. అమ్మేవాడు "బంపరు ఎక్కొద్దండీ" అన్నాడంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి, ఇంకో బండి దొరుకుతుంది.