మెల్‌బోర్న్ సంతలో గొర్రెతోలు జోళ్లు

మనకు ఆషాఢమాసమనగా తొలకరి వానలు, మామిడిపండ్ల కడపటి దినములు. భూగోళమునకు దక్షిణభాగమున నున్న ఆస్ట్రేలియాలో ఆ మాసమే నడిచలికాలము. ఈ సంగతి పుస్తకములలో చదివియే యుంటిమి. అయినను జూన్ నెలలో మేమును మా వదినగారును మెల్‌బోర్న్ నగరమున మా అమ్మాయి యింట దిగిన రాత్రిగాని దాని యర్థము మాకు బోధపడలేదు.

నగరమున మంచు కురియదు. తెల్లవారుజామున వేడిమి 6, 7 డిగ్రీలకు దిగును. పగటివేళ సుమారు 14 డిగ్రీలుండును. అంకెలు చూచిన నిదేమంత చలియని తోచును. కాని గాలి దక్షిణ సముద్రముమీదినుండి తడిసి వచ్చును. హిమాలయ యాత్రకు బోవువారు చలికి సిద్ధపడి పోవుదురు; మేము రెండు శాలువలు, నాలుగు జతల మేజోళ్లు మాత్రము పెట్టెలో పెట్టుకొని పోయితిమి. వంటయింటి నేలకు పరచిన నున్నని పలకల చలి మేజోళ్లను దాటి మోకాళ్లవరకు నెక్కెడిది. పైగా మేజోళ్లతో నడచిన ఆ పలకలపై కాలు జారును.

మా వదినగారికి 68 ఏండ్లు. చాలకాలముగా మధుమేహము గలదు. అరికాళ్లకు స్పర్శ తగ్గినది. ఇంటిలో పాదరక్షలు తొడుగుట ఆమె పుట్టి యెరుగదు. "ఇక్కడ అందరూ ఇంట్లో గొర్రెతోలు జోళ్లే వేసుకుంటారత్తయ్యా" అని మా అమ్మాయి చెప్పగా, "దేవుడి గూడున్న ఇంట్లో తోలు తొడుక్కుని తిరగమంటావా!" అని ఆమె చెవులు మూసికొన్నది. మూడు దినములు చలితో పోరాడి, నాలుగవనాడు తనంతట తానే "ఋషులు జింకతోలుమీద కూర్చోలేదా ఏమిటి" అన్నది. శాస్త్రము దొరకినందుకు మేము సంతోషించి వెంటనే అంగడికి బయలుదేరితిమి.

అక్కడనే పొరబడితిమి. యాత్రికులు తిరుగు వీథిలో నొక దుకాణమున, లోపల తెల్లని ఉన్ని, వెలుపల మెత్తని తోలు కనబడు జత యొకటి చౌకగా దొరకినది. చేతితో తడవి, మెత్తగా నున్నదని కొంటిమి. రెండు దినములలో వదినగారి పాదములు చెమర్చి చెమ్మవాసన వేయసాగెను. ఐదవనాటి సాయంకాలము మా అమ్మాయి ఆమె కాళ్లు తుడుచుచు చిటికెనవ్రేలి ప్రక్క బొబ్బ లేచి చితికియుండుట కనిపెట్టెను. వదినగారికి నొప్పియే తెలియలేదు. ఆ నొప్పి లేకపోవుటయే మమ్ము భయపెట్టినది. మధుమేహము గలవారికి కాలి పుండు ఎంతవరకు బోవునో మన కుటుంబములలో నెరుగనివారు లేరు. వైద్యుడు పది దినములు కట్లు కట్టించెను. ఆ జోటిని మేము కత్తెరతో కోసి చూచితిమి: పలుచని తోలునకు జిగురుతో నంటించిన నేతగుడ్డ, దానిపై కృత్రిమపు నూలు.

పుండు మానిన తరువాత ట్రాము బండిలో విక్టోరియా రాణి పేరిటి సంతకు బోయితిమి. అది 1878లో ఆరంభమైన సంత. ఆ స్థలమున కొంతభాగము పూర్వము శ్మశానవాటిక. సోమవారమును బుధవారమును సెలవు. ఊరి నడుమ ప్రక్కలు తెరచియున్న పొడవైన పాకలు, వాని క్రింద ఒకప్రక్క క్యాబేజీలు, నారింజలు, మరియొకప్రక్క బట్టలు, బొమ్మలు, దూలములనుండి వ్రేలాడు గొర్రెతోళ్లు. కూరగాయలవారు బేరమునకు వేయు కేకలు విని, మాట తెలియకున్నను మన యూరి సంతకు వచ్చినట్లే వదినగారు హుషారుగా నడచినది.

తోళ్ల యంగడిలో నున్న నడివయస్సు స్త్రీకి మా కథ చెప్పితిమి. ఆమె పేరును గూర్చిగాని వెలను గూర్చిగాని యెత్తక, ఒక జోటిలో రెండు వ్రేళ్లు పెట్టి ఉన్నిని పాపిట తీసినట్లు తీసి చూపినది. మొదట తోలు కనబడవలెను. నేత కనబడినచో నది గొర్రెతోలు కాదు. మేలైన జోటియందు ఉన్నియు తోలును వేరువేరు వస్తువులు కావు; ఒకే చర్మము. ఉన్నివైపు కాలికి, చర్మపు లోవైపు నున్నగా రాచి వెలికి. బొటనవ్రేలితో అదిమి వదలిన ఉన్ని మరల లేవవలెను. సహజమైన ఉన్ని తన బరువులో మూడవవంతు వరకు చెమ్మను పీల్చుకొనియు తడిగా తోచదు. అందుచేతనే అక్కడివారు వీనిని మేజోళ్లు లేకయే తొడుగుదురు. మా గొల్లవారి గొంగళి వానలో తడిసియు వెచ్చగా నుండుట మాకు జ్ఞప్తికి వచ్చెను.

ఇది గొర్రెల దేశము. 1797లో మెరీనో గొర్రెలు ఆ గడ్డపై దిగినవి. నేడు మనుష్యులకంటె గొర్రెలు రెండింతలకు పైగా నున్నవి. "ఉన్ని కత్తిరించినట్టే తోలూ తీస్తారా?" యని వదినగారు అమాయకముగా నడిగెను. మాంసమునకై చంపిన గొర్రెల తోళ్లే ఇవి యని ఆ స్త్రీ దాపరికము లేక చెప్పినది. వదినగారు చాలసేపు మాటాడలేదు. తుదకు తన కాలివైపు చూచుకొని, "చూపించమను" అన్నది. మేము బలవంతము చేయలేదు.

పేరును గూర్చియు నొక మాట. ఈ జోళ్లను అక్కడ 'అగ్' అందురు. 1960ల నాటికే సముద్రపు టలలపై పలకలతో నాడు యువకులు నీటినుండి వచ్చి చల్లబడిన కాళ్లకు వీనిని తొడుగుచుండిరి. 1978లో బ్రయన్ స్మిత్ అను ఆస్ట్రేలియా వాడు వీనిని కాలిఫోర్నియాలో అమ్మసాగెను. 1995లో ఆ వ్యాపారమును డెక్కర్స్ అను అమెరికా సంస్థ కొనెను. ఆ పేరు అమెరికాలో నొక సంస్థ సొత్తు. ఆస్ట్రేలియాలో మాత్రము మన 'చెప్పు' అను మాటవలె అందరిది. కావున పేరు చూచి మేలురకమని నమ్మరాదు. ఆకుపచ్చని త్రికోణములో బంగారువన్నె కంగారూ గల ముద్ర యున్నచో ఆ దేశమున చేసినదని తెలియును. తోలును గూర్చి మాత్రము వ్రేళ్లతోనే తెలిసికొనవలెను.

వృద్ధులకు మడమ లేని స్లిప్పర్లు తగవు, జారి పడుదురు. మడమ చుట్టు గట్టి కట్టు, క్రింద గరుకైన రబ్బరు అట్ట యుండవలెను. క్రింద తోలు మాత్రమే యున్నవి పలకలపై జారును. కుట్లు దగ్గరగా నుండవలెను. లోపల చేయి త్రిప్పిన గట్టి కుట్టేదియు తగులరాదు. ఉన్ని కొలది దినములలో అణగి చోటు చేయును గనుక ఆరోగ్యమైన కాలికి కొంచెము బిగువుగా కొందురు. స్పర్శ లేని కాలికి ఆ సూత్రము పనికిరాదు. ఆ స్త్రీ వదినగారి రెండు పాదములను కాగితముపై గీచి, పెద్దదానికి సరిపోవు జత నిచ్చినది. మొదటిదానికి మూడింతల వెల యైనది. బేరమాడితిమి గాని లాభము లేకపోయెను.

వీనిని నీట నానబెట్టరాదు. తడిసినచో కాగితములు కూరి నీడను ఆరబెట్టవలెను. పొయ్యి దగ్గరనో ఎండలోనో పెట్టిన తోలు బిర్రబిగియును.

మేము తిరిగివచ్చువరకు వదినగారు వానినే తొడిగెను. ఉదయమున లోపల చేయిపెట్టి చూచి తొడుగుకొనుట, రాత్రి మా అమ్మాయిచే అరికాళ్లు పరీక్ష చేయించుకొనుట యామె నియమము. దేవుని గూడున్న గది గడప వెలుపల మాత్రము ఆ జోళ్లు రెండును ప్రక్కప్రక్కన ఆగెడివి. చలిపలకలపై వట్టికాళ్లతో నిలిచి దీపము వెలిగించి, త్వరత్వరగా దండము పెట్టి, మరల వానిలోనికి వచ్చెడిది. గుంటూరులో వానితో పని లేదని, వేపాకు చుట్టి మా అమ్మాయి బీరువాలో పెట్టి వచ్చితిమి.