బాట చూసి చక్రం

ఈసారి గోడపత్రికకి "మా ఊరు" మీద ఏదైనా రాయమని మేడమ్ అడిగితే మా బెంచీలో అందరికీ వెంటనే విషయాలు దొరికేశాయి. ఒకరు అమ్మవారి పండగ, ఒకరు తాతగారి మామిడితోట, ఒకరు ఊరి చెరువు. నాకు మాత్రం మా బొలెరో టైర్లు గుర్తొచ్చాయి. నవ్వకండి. పోయిన వేసవి సెలవుల్లో నెల రోజులు మా ఇంట్లో వేరే మాటే లేదు.

మాది బంధుగాం. పార్వతీపురం దాటి కొండల్లోకి వెళ్తే, ఒడిశా కొరాపుట్ జిల్లాలో వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే మా వీధిలో తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి. సంతకి వెళ్తే వాటికి కువి కూడా తోడవుతుంది. మా ఇల్లూ అంతే. నాన్నది తెలుగు, అమ్మది ఒడియా. నేనూ తమ్ముడూ ఎవరితో మాట్లాడితే వాళ్ల భాషలోకి మారిపోతాం.

నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉంది. సరుకుకి పార్వతీపురం వెళ్లాలి, సంతలకి కొండ ఊళ్లు ఎక్కాలి, వచ్చేటప్పుడు చింతపండు, అల్లం, పసుపు వేసుకురావాలి. దీనికంతటికీ మాకున్నది ఒక సెకండ్ హ్యాండ్ బొలెరో. ఊళ్లో ఎవరికైనా రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే ముందు తట్టేది కూడా మా తలుపే.

పోయినేడు వినాయక చవితికి ఇంటికెళ్లినప్పుడు అలాగే తట్టారు. మా మాఉసికి, అంటే పిన్నికి, నొప్పులు మొదలయ్యాయి. వాళ్ల ఊరు తారు రోడ్డుకి దూరంగా, ఒక ఎర్రమట్టి ఎత్తు అవతల ఉంటుంది. వెళ్లేటప్పుడు దిగిపోయాం గానీ, పిన్నిని ఎక్కించుకుని వచ్చేటప్పుడు ఆ ఎత్తు మీద బండి ఆగిపోయింది. మా బొలెరోకి వెనక చక్రాలే తోస్తాయి. అవి తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. మట్టి అద్దంలా నున్నగా అయిపోయింది. టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు దొరుకుతుందని నాన్నకి తెలుసు. కానీ మళ్లీ నింపడానికి దగ్గర పంపు లేదు. గాలి తక్కువున్న టైర్లతో తారు మీద వేగంగా పోతే అవి వేడెక్కి పాడవుతాయి. నేనూ తమ్ముడూ వానలో రాళ్లు ఏరి చక్రాల కింద పెట్టాం. ఊరి వాళ్లు వచ్చి తోశారు. గంటన్నర పట్టింది. లోపల పిన్ని మూలుగు, బయట ఇంజన్ గోల. ఆ రెండు శబ్దాలూ కలిసి ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

పిన్నీ పాపా ఇద్దరూ క్షేమమే. ఆ పాప ఇప్పుడు పాకుతోంది. కానీ నాన్న ఆ రాత్రిని మర్చిపోలేదు. వేసవి రాగానే "ఈ వానలకి ముందు పెద్ద టైర్లు ఎయ్యాల్సిందే" అన్నారు.

అక్కడ మొదలైంది. తమ్ముడు ఫోన్‌లో థార్ బొమ్మలు చూపించాడు. థార్‌లో ఒక రకానికి 255/65 ఆర్18 టైర్లు వస్తాయి. మనకి 18 కాకపోయినా 17 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయిద్దామన్నాడు. నాన్నేమో రిమ్ములు ఉన్నవే ఉంచి 235/75 ఆర్15 వేద్దామన్నారు. మా బండికి కంపెనీ ఇచ్చింది 215/75 ఆర్15. నాకు ఈ అంకెల్లో ఒక్కటీ అర్థం కాలేదు. అర్థం కాకుండా ఊరుకోవడం నాకు చేతకాదు కాబట్టి కాగితం, పెన్సిల్ పట్టుకున్నాను.

215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం అని. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే పేరులో ఒకటి మిల్లీమీటర్లు, ఒకటి శాతం, ఒకటి అంగుళాలు. ఒకే గుమ్మంలో తెలుగు, ఒడియా, కువి మాట్లాడుకున్నట్టు, అచ్చం మా కొట్టులాగే ఉంది అనుకున్నాను.

లెక్క కడితే మా టైరు పక్కగోడ 161 మిల్లీమీటర్లు వచ్చింది. పైనా కిందా రెండు గోడలు, మధ్యలో 381 మిల్లీమీటర్ల రిమ్ము, మొత్తం ఎత్తు 703. నాన్న అడుగుతున్న 235/75 అయితే 733. అంటే 30 మిల్లీమీటర్లు ఎక్కువ. కానీ ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది కదా, బండి లేచేది అందులో సగమే. 15 మిల్లీమీటర్లు. నా చిటికెనవేలి వెడల్పు కంటే కొంచెం ఎక్కువ, అంతే.

ఆ 15 మిల్లీమీటర్లూ ఊరికే రావు. చక్రం నాలుగు శాతం పెద్దదైతే ఒక్కో చుట్టుకి అంత ఎక్కువ దూరం పోతుంది. మీటరు 60 చూపించినప్పుడు బండి నిజంగా దాదాపు 63లో ఉంటుంది. పెద్ద చక్రాన్ని తిప్పాలంటే ఇంజన్‌కి బరువు, ఘాటీలో లోడుతో ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ గేర్లు మార్చాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల ఎక్కడైనా రాసుకుంటుందేమో చూసుకోవాలి. వెడల్పు టైరు ఆ రిమ్ముకి పనికొస్తుందో లేదో కూడా చూడాలి. కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చేస్తే చట్టంతో, ఇన్సూరెన్సుతో వచ్చే తలనొప్పి వేరే.

తమ్ముడి 17 అంగుళాలదీ కట్టాను. మొత్తం ఎత్తు మారకుండా రిమ్ము పెద్దది చేస్తే పక్కగోడ 161 నుంచి 136కి పడిపోతుంది. మా దారిలో రాయి తగిలితే ముందు ఆ దెబ్బ తినేది ఆ రబ్బరు గోడే. అది పొట్టిదైతే దెబ్బ రిమ్ముకి తగులుతుంది. ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సరిచేసుకుని ఇంటికొచ్చేయొచ్చు. అల్లాయ్ పగిలితే కొండ మీద ఏం చేస్తాం? అలాంటి టైరు పోతే మా దగ్గర వెంటనే దొరుకుతుందా? 15 అంగుళాలదైతే పార్వతీపురంలో అడిగిన రోజే దొరుకుతుంది.

ఇదంతా చదివి వినిపిస్తే నాన్న "ఏటే, తెలుగు చదవమని పంపితే టైర్ల లెక్కలు కట్టీసినావా?" అన్నారు. తమ్ముడు మొహం ముడుచుకున్నాడు. అప్పటిదాకా చింతపండు గింజ తీస్తున్న అమ్మ తలెత్తకుండానే అంది: "ఆగ బాట దేఖ, తా పరే చక." ముందు బాట చూడండి, తర్వాతే చక్రం అని. బాట మనకీ బాటే, చక అంటే చక్రమే. ఎవరికీ అనువాదం అక్కర్లేకపోయింది.

ఆ మాట పట్టుకుని రెండు వారాలు నాన్న వెంట తిరిగి నోట్‌బుక్‌లో రాశాను. బండి పది కిలోమీటర్లు నడిస్తే ఎనిమిదికి పైగా తారు మీదే. మిగిలిన ఒకటీ రెండే మట్టీ రాళ్లూ. పూర్తిగా బురద కోసమే చేసిన ఎంటి రకం టైర్లు వేస్తే ఆ ఎనిమిది కిలోమీటర్లూ గోల పెడతాయి, తొందరగా అరుగుతాయి, తడి తారు మీద బ్రేకు సరిగ్గా పట్టవు. ఉత్త హెచ్‌టి రకం, అంటే రోడ్డు టైర్లు వేస్తే ఆ ఒకటీ రెండే మనల్ని నిలబెట్టేస్తాయి. రెంటికీ మధ్యలో ఉండేది ఎటి రకం.

అసలు విషయం ఆ తర్వాత తెలిసింది. దారి చూశాం కాబట్టి పాత టైర్లు కూడా చూద్దామని వంగాను. టైరు గాళ్ల మధ్యలో చిన్న చిన్న దిమ్మలుంటాయి. పక్కన టిడబ్ల్యుఐ అని గుర్తు ఉంటుంది. రబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందని అర్థం, ఇక ఆ టైరు వాడకూడదు. మా వెనక టైర్లు రెండూ ఆ దిమ్మల్ని దాటి అరిగిపోయి ఉన్నాయి. పక్కగోడ మీద నాలుగంకెలు కూడా ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మావి 1117. 2017లో పదకొండో వారం. నేను ఏడో ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటివన్నమాట.

"నాన్నా, ఆ రాత్రి మనం ఆగిపోయింది టైరు చిన్నదవడం వల్ల కాదు, బోడిదవడం వల్ల" అన్నాను. నాన్న ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుంటూ కొట్లోకి వెళ్లిపోయారు. అమ్మే తర్వాత వంటింట్లో మెల్లగా చెప్పింది. అంతకు ముందు జూన్‌లోనే టైర్లు మారుద్దామని నాన్న డబ్బు పక్కన పెట్టారట. అదే నెలలో నా కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్సు కట్టాల్సొచ్చింది. "ఇంకో ఏడాది లాగుతాయిలే" అన్నారట.

నేను ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయాను. హాస్టల్లో నా మంచం మీద పడుకున్నప్పుడు దాని ఖరీదు ఏ ఎత్తు మీద ఎవరు కట్టారో నాకు తెలియదు. పిన్నికి ఏమైనా అయ్యుంటే? ఆ ప్రశ్నకి నా దగ్గర లెక్క లేదు.

చివరికి కంపెనీ సైజే, 215/75 ఆర్15, ఎటి రకంలో తీసుకున్నాం. నాలుగు కాదు, స్టెప్నీతో కలిపి ఐదు. స్టెప్నీ వేరే అరుగుదల్లో ఉంటే అవసరానికి వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. ఇనుప రిమ్ములు అవే. సైజు పెంచకుండా మిగిలిన డబ్బుతో బండి బ్యాటరీకి తగిలించే గాలి పంపు, గాలి చూసే గేజీ కొన్నాం. తమ్ముడికి కోపం పోవడానికి గాలి నింపే పని వాడికే అప్పగించాం. ఇప్పుడు వాడే ఊళ్లో అందరికీ పాఠాలు చెప్తున్నాడు.

మొన్న వినాయక చవితికి మళ్లీ వెళ్లాను. వాన పడుతోంది. పాపని చూడ్డానికి అదే ఎత్తు మీదుగా వెళ్లాం. మట్టి మొదలయ్యే చోట నాన్న బండి ఆపారు. తమ్ముడు దిగి నాలుగు టైర్లలో కొంచెం కొంచెం గాలి తీశాడు. రెండో గేరులో బండి ఒకసారి పక్కకి జారి, సర్దుకుని, ఎక్కేసింది. ఎవరూ మాట్లాడలేదు. పైకొచ్చాక నాన్న అద్దంలో నా వైపు చూసి "ఏటమ్మా, నీ లెక్క ఒప్పే" అన్నారు.

నా లెక్క కాదు నాన్నా, అమ్మ మాట అన్నాను. కానీ ఇంకో మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది మీకు చెప్పుకుంటున్నాను. వచ్చే ఏడు ఫీజు కట్టేముందు నేను ఒకసారి వంగి టైర్లు చూస్తాను.